నేను చెరిపేసిన చందమామ

తిరుపతిలో ఫోటో స్టూడియో పెట్టుకున్నవాడికి ముఖాల కంటే గుండ్లే ఎక్కువ. కొండ మీద తలనీలాలిచ్చి, దిగి వచ్చి, నెత్తిన గంధం ఆరకముందే కుటుంబమంతా వరసగా బెంచీ మీద కూర్చుంటారు. దామోదరం స్టూడియోలో ఇరవై తొమ్మిదేళ్ళపాటు ఆ గుండ్లకు మెరుగులు దిద్దినవాణ్ణి నేను. నా పేరు ఇమాంసాహెబ్. కెమెరా దామోదరానిది, చీకటిగది దామోదరానిది, కుంచె మాత్రం నాది. టచింగ్ ఇమాంసాహెబ్ ఎక్కడుంటాడని అడిగితే బస్టాండులో రిక్షావాళ్ళు కూడా దారి చెప్పేవారు. గొప్పకు చెప్పడం లేదు. గొప్ప అనుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

మా పనికి రెండే సూత్రాలు. ఒకటి, కత్తిగాటు కనబడకూడదు. కల్యాణకట్టలో జనం తొక్కిడిలో ఎంత చెయ్యి తిరిగిన క్షురకుడైనా ఎక్కడో ఒకచోట గీస్తాడు. చిన్న మచ్చ పడుతుంది. దాన్ని బ్లేడు అంచుతో పల్చగా గీకి, కుంచె మొనతో పక్క రంగు తెచ్చి కలిపేయాలి. రెండు, దిష్టిచుక్క ముట్టకూడదు. పసిబిడ్డ బుగ్గ మీద తల్లి పెట్టిన కాటుకచుక్కను పొరపాటున చెరిపామా, ఇంక ఆ తల్లి అంగట్లోనే శాపనార్థాలు పెడుతుంది. నేను పనిలో చేరిన కొత్తలో ఒకామె పెట్టింది కూడా. ఆనాటి నుంచి నల్లచుక్క ఎక్కడ కనబడినా నా కుంచె ఆమడ దూరంలో ఆగిపోయేది.

నా కళ్ళకు ఇంకొక పేరు కూడా ఉండేది. రంజాన్ నెల మొదలు కావాలంటే నెలవంక కనబడాలి. ఎవరో ఒకరు మసీదు మేడ ఎక్కి, చూసి, కమిటీ ముందు నిలబడి, "నా కళ్ళతో నేను చూసినాను, సాక్ష్యం చెప్తా ఉండాను" అనాలి. మా వీధిలో ఆ మాట ముందు మా నాయన చెప్పేవాడు. ఆయన తర్వాత నేను. మబ్బు సందులో వెంట్రుకంత వంక ఉన్నా పట్టుకునేవాణ్ణి. నేను చూశానంటే ఇంక వీధిలో ఎవరూ మళ్ళీ తల ఎత్తి చూసేవారు కాదు.

ఇప్పుడు చెప్పబోయేది తొంభై తొమ్మిది డిసెంబరు సంగతి. రంజాన్ ఇంకో వారంలో ఉంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం రేవతి అనే సైన్సు టీచరు స్టూడియోకు వచ్చింది. ఆడపిల్లల హైస్కూల్లో పని చేస్తుంది. ముప్పై ఐదేళ్ళుంటాయి, మనిషి నిదానం. చేతిలో ఒక ఇంగ్లీషు పత్రిక నుంచి జాగ్రత్తగా కత్తిరించిన కాగితం ఉంది. దాని మీద అరచేయంత బొమ్మ. గుండ్రంగా, గంధం పూసినట్టుగా, అడ్డంగా పట్టీలు పట్టీలుగా ఉంది.

"ఎవరి గుండమ్మా ఇది?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "గురుగ్రహం అన్నా. బుధవారం మా ఇస్కూల్లో సైన్సు ప్రదర్శన ఉండాది. దీన్ని పెద్దది చేసి గుమ్మంలో పెట్టాల."

"దీన్ని ఎవరు తీసినారు? ఫోకస్ బ్రహ్మాండంగా ఉండాదే."

"మనిషి తీయలేదన్నా. ఆకాశంలో తిరగతా ఉండే దుర్బిణి తీసింది. ఈడనుంచి చూస్తే గాలీ దుమ్మూ అడ్డమొస్తాయని దుర్బిణినే పైకి పంపించినారు. అదే ఫోటో తీస్తాది, అదే కిందికి పంపిస్తాది."

"టచింగ్ ఎవరు చేసినారు?"

"మచ్చలు చెరిపే పనేమీ ఉండదన్నా దీనికి. ఉండేది ఉన్నట్టే. మీరు కూడా..."

"మాకు చెప్పొద్దు టీచరమ్మా. మంగళవారం రా, తీసుకోని పో."

ఆ మాట పూర్తి చెయ్యనిచ్చి ఉంటే నేను బాగుపడేవాణ్ణి. కానీ పని నేర్పేవాళ్ళను చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. పైగా ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. ఏమీ మార్చొద్దు అని చెప్పి వెళ్ళినవాళ్ళే, రేపు గాటు కనబడితే కొట్లాటకు వస్తారు.

రంగుల్లో అంత పెద్ద ఫోటో కావాలంటే మద్రాసుకు పంపాలి, పది రోజులు పడుతుంది. అందుకని దామోదరం ఆ కాగితాన్నే నలుపు తెలుపులో ఫోటో తీసి పెద్దది చేశాడు. గురుడు ఒకటిన్నర అడుగు గుండ్రంగా వచ్చాడు. రంగులు చేత్తో వెయ్యడం నా వంతు. శనివారం పొద్దున కిటికీ దగ్గర బల్ల వేసుకుని మొదలుపెట్టాను.

నిజం చెప్పాలంటే, మొదలుపెట్టిన గంటకే నాకు ఆ బొమ్మ మీద భక్తి కలిగింది. దూరం నుంచి చూస్తే అడ్డపట్టీలు, అంతే. దగ్గరికి వెళితే ఒక్కో పట్టీ అంచున సుడులు, సుడిలో మళ్ళీ సుడి. కుంచె ఎంత సన్నం చేసుకున్నా దానికంటే సన్నటి గీత ఒకటి కనబడుతూనే ఉంది. మనుషుల ముఖాల్లో ఏ గీత ఎందుకు పడిందో నాకు తెలుసు. నవ్వితే ఒకటి, ఏడిస్తే ఒకటి. వీటిలో ఒక్కటి కూడా నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం అన్నం మాట కూడా మరిచిపోయి దామోదరం చేత తిట్లు తిన్నాను.

ఆదివారం ఆ మచ్చ కనబడింది. ఒక లేత పట్టీ మీద, శనగగింజంత, చుట్టూ ఉన్న రంగు కంటే రవంత ముదురు. కాగితం మీద ఆవగింజంత ఉన్నప్పుడు ఎవరూ గమనించి ఉండరు. నేను గమనించాను. కత్తిగాటు. ఆలోచించను కూడా లేదు, చెయ్యే వెళ్ళింది. బ్లేడుతో గీకి, పక్క పట్టీలోంచి రంగు లాగి, సుడిని సుడితో కలిపి, గంటన్నర కూర్చుని అక్కడ ఏమీ లేనట్టు చేశాను. ఆ పని చూసి నా వీపు నేనే తట్టుకోవాలనిపించింది.

దానికి కొంచెం ఎడంగా ఇంకొక చుక్క ఉంది. ఇదీ శనగగింజంతే, కానీ కాటుకలా నల్లగా, చక్కటి గుండ్రం. ఇంత అందమైన వస్తువుకు దిష్టి తగలకుండా పెట్టారు, బాగానే ఉంది అనుకున్నాను. ఎవరు పెట్టారని నాకు సందేహం రాలేదు. దిష్టిచుక్క ఎవరు పెట్టారని ఎవరూ అడగరు. దాన్ని ముట్టకుండా చుట్టూ రంగు వేసుకుంటూ వచ్చాను.

మంగళవారం మూడు గంటలకు రేవతి వచ్చింది. బొమ్మను గోడకు ఆనించి గుడ్డ తీశాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత బాగా చేసినారన్నా" అంది. నేను మీసం సవరించుకున్నాను. తర్వాత ఆమె దగ్గరికి వెళ్ళి వేలితో ఒకచోట వెతకసాగింది.

"అన్నా, ఈడ ఒకటి ఉండాల."

"ఆ గాటు కదమ్మా. తీసేసినా. భూతద్దం పెట్టి చూడు, ఆనవాలు దొరికితే నా పేరు మార్చుకుంటా. దిష్టిచుక్కను మాత్రం ముట్టలేదు."

"గాటా?"

ఆమె నల్లచుక్క వంక చూసింది, ఖాళీ పట్టీ వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. కోపం లేదు ఆమె ముఖంలో. ఉంటే బాగుండేది.

"నీడ ఉండాది. నీడ వేసింది యాడన్నా?"

నాకు అర్థం కాలేదు. ఆమె బల్ల మీద ఉన్న నా రంగు సీసా మూత తీసుకుని, కిటికీ ఎండకూ బొమ్మకూ మధ్యన పట్టుకుంది. మూత నీడ గురుడి మీద పడింది.

"ఇట్లా అన్నా. గురుడికి చందమామలు ఉండాయి. వాటిల్లో ఒకటి సూర్యుడికీ గురుడికీ మధ్యలో పోతా ఉంటే దాని నీడ గురుడి మీద పడింది. ఈ నల్లది దిష్టిచుక్క కాదు, నీడ. మీరు గీకేసింది ఆ చందమామను."

"చందమామా?"

"మన చందమామ కంటే రొంత పెద్దదే."

"శనగగింజంత ఉండాది కదమ్మా."

ఆమె చూపుడువేలు కొన నల్లచుక్క మీద పెట్టింది. చుక్క వేలి కింద కనబడకుండా పోయింది. "కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా మన దేశాన్ని నిలువునా ఈ చుక్కలో పెడితే, ఇంకా అంచున చోటు మిగలతాది."

"దాంట్లో మన తిరుపతి?"

"కనబడదన్నా. దుర్బిణికి కూడా కనబడదు. ఈ నీడ ఉండాదే, అది గురుడి మీద ఎంత జోరుగా పోతాదంటే, ఈడ మొదలుపెడితే కాళాస్త్రికి రెండు సెకండ్లు."

కాళాస్త్రి బస్సు గంట పైన పడుతుంది, అదీ రేణిగుంట రైలు గేటు పడకపోతే. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఏడుకొండలూ, కొండెక్కే జనమూ, దిగి వచ్చిన గుండ్లన్నీ, నేనూ, నా కుంచే, అన్నీ ఆ చుక్కలో పడి కనబడకుండా పోతాయి. మరి ఆ చుక్కకు చుట్టూ నేను రంగు వేసిన ఒకటిన్నర అడుగు ఎంతటిది? దాన్ని నేను మూడు రోజులు మోచెయ్యి ఆనించి దిద్దాను. భయం వేసింది. మంచి భయం, నమాజులో నుదురు నేలకు ఆనించినప్పుడు ఉండేలాంటిది.

ఆ వెంటనే సిగ్గు వచ్చింది. ముప్పై ఏళ్ళుగా నెలవంకకు సాక్ష్యం చెప్పే మనిషిని. చందమామ నా బల్ల మీదికి వస్తే కత్తిగాటనుకుని గీకేశాను. మా నాయన ఉండి ఉంటే ఆయన ముఖం ఎలా చూడాలి?

పత్రిక కాగితం తీసుకుని, భూతద్దం పెట్టి, ఆ ఆవగింజను చాలాసేపు చూశాను. అది ముదురు మచ్చ కాదు. దానికి తన రంగు తనకు ఉంది, పండిన నిమ్మకాయలాంటి పసుపు, అంచుల్లో ఎరుపు. దాన్ని చూసి, గీకినచోటే మళ్ళీ వేశాను. చెరపడానికి గంటన్నర పట్టింది, పెట్టడానికి పొద్దు గుంకేదాకా పట్టింది. రేవతి అంతసేపూ కూర్చుని, "సరిపోయిందన్నా" అంది.

"ఇది నేను పెట్టిన చందమామ. ఉండే చందమామ కాదు" అన్నాను.

"అట్లయితే రేపు సాయంత్రం ఇస్కూలుకి రండి. కాలేజీ వాళ్ళ దుర్బిణి తెస్తా ఉండాము, చిన్నదే. ఉండేదాన్నే చూద్దురు."

స్టూడియో నుంచి తిన్నగా ఇలియాస్ అంగడికి వెళ్ళాను. మసీదు కమిటీకి పెద్ద అతను, తాళాలు బాగుచేస్తాడు. గురువారం రంజాన్‌కు ముందు నెలలో ఇరవై తొమ్మిదో రోజు, ఆ సాయంత్రమే నెలవంక చూడాలి. "ఇలియాస్, ఈసారి నేను మేడెక్కను. నా సాక్ష్యం తీసుకోవద్దండి" అన్నాను.

ఇలియాస్ చేతిలో ఆకురాయి ఆపాడు. "ఏం భాయ్, కండ్లు పోయినాయా?"

"కండ్లు ఉండాయి. నమ్మకం పోయింది."

"నువ్వు రాకపోతే మద్రాసులో కనబడిందని ఫోను వచ్చేదాకా వీధంతా కాచుకోని ఉండాల. ఎవరు చెప్తే నమ్ముతారు?" అన్నాడు. నేను ఇంటికి వచ్చేశాను.

ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ, మీకోసం తెలుగులో చెబుతున్నాను. నా భార్య రహమత్ బీ అన్నం వడ్డిస్తూ మొత్తం విన్నది. ఓదారుస్తుందనుకున్నాను. ఆ అలవాటు ఆమెకు ఎన్నడూ లేదు.

"అది అందరికీ కనబడిందా?" అంది.

"లేదు. దామోదరానికి కూడా కనబడలేదు."

"నీకు కనబడింది. కనబడబట్టే కదా చెరిపినావు. కండ్లు లేనోడైతే దాన్ని అట్లే వదిలిపెట్టేసి ఉంటాడు. తప్పు కంటిది కాదు, చేతిది. నీ చేతికి మొదటి నుంచీ తొందరెక్కువ. మన నిఖా రోజు ఖాజీ అడిగేలోపే సంతకం పెట్టేసినావు."

నేను అన్నం కలుపుకున్నాను.

"రేపు నేను కూడా వస్తా" అంది. "ముప్పై ఏండ్లుగా చందమామను నువ్వు చూడడమే, నేను వినడమే అయింది."

బుధవారం సాయంత్రం ఆకాశం కడిగినట్టు ఉంది. తెల్లవారుజామున ఒక వాన కురిసి వెలిసింది. హైస్కూలు గుమ్మంలో నా బొమ్మ నిలబెట్టారు. దాని పక్కనే నా పేరు కూడా రాశారు, నేను దాని వంక చూడలేదు. మైదానంలో మూడుకాళ్ళ మీద దుర్బిణి ఉంది, బారెడు గొట్టం. తూర్పున ఎత్తులో ఒక చుక్క అన్ని చుక్కల కంటే తెల్లగా, రెప్ప వెయ్యకుండా వెలుగుతూ ఉంది. ఎన్ని సాయంత్రాలు దాన్ని చూసి ఉంటానో. అదే గురుడని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఏడు గంటలు కావస్తుండగా రేవతి వరస ఆపి నన్ను ముందుకు పిలిచింది. కన్ను పెట్టాను. నల్లటి నీళ్ళలో వేసినట్టు జొన్నగింజంత గుండ్రం, దాని మీద రెండు పట్టీలు. నేను కుంచెతో వేసిన పట్టీలే. అవి నిజంగా అక్కడ ఉన్నాయి. గుండ్రానికి అటూ ఇటూ ఒకే గీత మీద చుక్కలు.

"చందమామలు ఎన్నన్నా?" అంది రేవతి.

"మూడు."

"నాలుగుండాల."

"నాలుగోది నేనే కదమ్మా చెరిపేసినా."

ఆమె మొదటిసారి నవ్వింది. "మీరు చెరిపేసిందే. అది ఇప్పుడు గురుడి నీడలో ఉండాది. ఆ ఫోటోలో దాని నీడ గురుడి మీద పడింది, ఈ పూట గురుడి నీడ దాని మీద పడింది. ఏడూ పదికి బయటికి వస్తాదని పట్టికలో రాసినారు. కన్ను తీయొద్దండి."

కన్ను తియ్యలేదు. గురుడు జరిగిపోతూ ఉంటే ఆమె గొట్టాన్ని కొంచెం కొంచెం జరుపుతూ ఉంది. జొన్నగింజకు పక్కన ఉత్త చీకటి. అక్కడ ఏమీ లేదు. నేను ఏమీ లేనట్టు చేసిన పట్టీ గుర్తొచ్చింది. రాకపోతే బాగుండు, వస్తే బాగుండు, రెండూ అనిపించాయి.

అప్పుడు ఆ ఉత్త చీకటిలో ఏదో ఉన్నట్టయింది. చూస్తే లేదు, పక్కకు చూస్తే ఉంది. అద్దం మీద దుమ్ము పడింది అనుకున్నాను. నాకు తెలియకుండానే నా చెయ్యి జేబులోంచి గుడ్డ తీసి అద్దం వైపు లేచింది. మణికట్టు దగ్గర ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

"ఉండు" అంది రహమత్ బీ చెవి దగ్గర. "చెయ్యి నేను పట్టుకోని ఉంటా. నువ్వు చూడు."

ఉన్నాను. దుమ్ము దుమ్ముగా ఉండలేదు. పొడి అంత వెలుగయింది. నలకంత అయింది. ఎవరూ వత్తి పెంచకుండానే పెరిగింది. మూడు నాలుగు నిమిషాల్లో మిగతా మూడింటి వరసలో వచ్చి నిలబడింది, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా పట్టేంత చందమామ, నేను గీకేసింది, చీకట్లోంచి నా కంటి ముందే బయటికి వచ్చింది. నేను ఏడ్చాను. దుర్బిణికి కన్ను ఆనించేచోటు తడిసింది. అది చెబితే తప్పేముంది.

"ఇది జరిగి అరగంట దాటిందన్నా" అంటోంది రేవతి వెనకనుంచి. "ఆ వెలుతురు ఈడికి వచ్చేదానికి అంత టైము పడతాది. మీరు ఇంట్లో చొక్కా వేసుకునేటప్పుడే అది బయటికి వచ్చేసినాది."

నా నోటికి వేరే మాటలు రాలేదు. "నా కళ్ళతో నేను చూసినాను. సాక్ష్యం చెప్తా ఉండాను" అన్నాను. వరసలో ఉన్న ఆడపిల్లలు నవ్వారు. రేవతి నవ్వలేదు.

రహమత్ బీ నన్ను పక్కకు జరిపి తాను కన్ను పెట్టింది. ఒక కన్ను ఎలా మూయాలో తెలియక చెంగు అడ్డం పెట్టుకుంది. చాలాసేపు చూసింది. "నాలుగు" అంది. తర్వాత, నెమ్మదిగా, "నేను కూడా చూసినా" అంది. సాక్ష్యానికి ఒక్కరు చాలకపోతే ఇద్దరయ్యాం.

మరునాడు గురువారం. అస్తమయానికి ముందే మసీదు మేడెక్కాను. ఇలియాస్ నన్ను చూసి, గోడ దగ్గర నా చోటు నాకు వదిలి పక్కకు జరిగాడు. కింద వీధిలో జనం తలలెత్తి నా వంకే చూస్తున్నారు. పడమర మబ్బులు పొరలు పొరలుగా ఉన్నాయి. పావుగంటకు ఒక మబ్బు అంచున సన్నటి తెల్లటి గీత కనబడింది. వెనకటి రోజులైతే ఆ క్షణమే చెయ్యెత్తి అరిచి ఉండేవాణ్ణి. చెయ్యి లేవబోయింది కూడా. దాన్ని రెండో చేత్తో పట్టుకున్నాను.

"ఏం భాయ్, కనబడిందా?" అన్నాడు ఇలియాస్.

"ఉండప్పా" అన్నాను. "గాటో చందమామో, అదే చెప్పనీ."

మబ్బు తొలగింది. గీత మబ్బుతో వెళ్ళలేదు, ఉన్నచోటే ఉంది, రెండు కొనలూ పైకెత్తి. అప్పుడు నా చెయ్యి వదిలాను.